అప్పు చేసింది దొరలు, తాకట్టు పడేది అడవి బిడ్డలా?

రెండు నెలల కింద పట్నంలో ఒక మీటింగుకు మమ్మల్ని పిలిచారు. పర్యావరణం మీద పనిచేసే మిత్రులు, చదువుకున్నోళ్లు, మంచి మనసున్నోళ్లే. మీటింగు అయిపోయాక ఒక కాగితం మా ముందు పెట్టి సంతకం చేయమన్నారు. పేద దేశాల అప్పులు తగ్గించాలి, దానికి బదులుగా ఆ దేశాలు తమ అడవుల్ని కాపాడాలి – ఇదీ అందులోని సారాంశం. చదివితే తప్పేముంది అనిపిస్తుంది. బాకీ పోతుంది, చెట్టు బతుకుతుంది. మాలో ఇద్దరు పెన్ను తీశారు కూడా. మిగిలినోళ్లం ఆపాం. సంఘంలో మాట్లాడి చెప్తామని కాగితం మడిచి జేబులో పెట్టుకొని రాత్రి బస్సెక్కాం.

అప్పట్నుంచి మా మీద ఒక మాట తిరుగుతోంది. ఈ దళిత సంఘాలోళ్లకు అడవి పట్టదట, కులం తప్ప ఇంకోటి కనపడదట. అడవి ఎండితే ముందు ఎండేది ఎవరి కడుపో, బావి ఎండితే ముందు బిందె పట్టుకొని మైళ్లు నడిచేది ఎవరో తెలియనోళ్లు అనే మాట ఇది. అయినా జవాబు చెప్పకుండా ఊరుకోవడం మా పద్ధతి కాదు. ఎందుకు సంతకం పెట్టలేదో ఈ పక్షం వివరంగా రాస్తున్నాం. చదవడం రానోళ్లకు చదివి వినిపించండి.

ముందు ఈ బేరం ఏంటో తెలుసుకుందాం. పెద్ద పెద్ద పుస్తకాల భాషలో చెప్తే ఎవరికీ ఎక్కదు. ఊరి లెక్కలోనే చెప్పుకుందాం.

ఒక ఊరి దొర షావుకారు దగ్గర లక్ష రూపాయలు తెచ్చి ఊరి పేరు మీద ప్రోనోటు రాసిచ్చాడనుకోండి. ఆ సొమ్ముతో మేడ కట్టాడు. ఎదురు తిరిగినోళ్లను కొట్టించడానికి గూండాలను మేపాడు. కొంత సొమ్ము తిరిగి షావుకారు దగ్గరే తన సొంత పేరు మీద దాచుకున్నాడు. వడ్డీకి వడ్డీ పెరిగింది. దొర పోయాడు, నోటు మిగిలింది. అది వసూలయ్యే బాకీ కాదని షావుకారుకు తెలుసు. ఎవడైనా కొంటానంటే రూపాయి బాకీని పదిహేను పైసలకు అమ్ముకోవడానికి రెడీగా ఉన్నాడు. అప్పుడు పట్నం నుంచి ఒక ధర్మాత్ముడు దిగాడు. పదిహేను పైసల లెక్కన ఆ నోట్లో కొంత బాకీ కొన్నాడు. కొని దొర కొడుకు దగ్గరికి పోయి, ‘ఈ బాకీ నేను కొట్టేస్తా, బదులుగా ఊరి పక్క గుట్ట మీది అడవిని కాపాడతానని రాసివ్వు’ అన్నాడు. దొర కొడుకు నవ్వుతూ రాసిచ్చాడు. ఎందుకివ్వడు? గుట్ట వాడి తాత సొత్తు కాదు. అక్కడ మేకలు మేపేది మాదిగోళ్లు, తేనె తీసేది చెంచులు, కట్టెలు మోసుకొచ్చి అమ్ముకునేది మాలవాడ ఆడోళ్లు. వాళ్లనెవరూ పిలవలేదు. ఏమే, ఏమిరా అని కూడా అడగలేదు. ఒకనాడు పొద్దున పోయేసరికి గుట్టకు అడ్డంగా బోర్డు ఉంది, బోర్డు కింద గార్డు ఉన్నాడు.

ఊరు మేం కల్పించిందే. బేరం మాత్రం నిజం. 1987లో బొలీవియా అనే దేశంలో మొట్టమొదటిసారి ఇలాంటి బేరం కుదిరింది.

బొలీవియా దక్షిణ అమెరికాలో ఉంది. సముద్రం లేని దేశం. ఒక పక్క ఆకాశాన్నంటే కొండలు, ఇంకో పక్క అమెజాన్ అడవులు. కొండల మీద ఐమారా, కెచువా జనం, కింద అడవుల్లో ముప్పైకి పైగా ఆదివాసీ జాతులు. స్పెయిన్ నుంచి వచ్చిన తెల్లోళ్లు మూడు వందల ఏళ్లు వీళ్ల చేత గనుల్లో వెట్టి చేయించి వెండి తవ్వుకుపోయారు. తర్వాత వెండి పోయి తగరం వచ్చింది. గని మారింది గానీ గనిలో దిగినోడు మారలేదు. మన దగ్గర చెప్పులు కుట్టేది ఎవరు, తోళ్లు ఊనేది ఎవరు అన్నది తరతరాలుగా ఎలా మారలేదో అట్లాగే.

ఆ దేశానికి అప్పు ఎలా పుట్టింది? 1973లో చమురు ధర పెరిగి అరబ్బు దేశాల సొమ్ము అమెరికా, యూరపు బ్యాంకుల్లోకి వరదలా వచ్చిపడింది. బ్యాంకోడి దగ్గర డబ్బు ఊరికే ఉంటే వాడికి నిద్ర పట్టదు. ‘తీసుకోండి, తీసుకోండి’ అని పేద దేశాల వెంటపడ్డారు. బొలీవియాలో అప్పుడు గద్దె మీదున్నది ఓటుతో వచ్చినోడు కాదు. 1971లో సైన్యంతో వచ్చి కూచున్న హ్యూగో బాన్సెర్ అనే సైనికాధికారి. 1978 దాకా ఏలాడు. కార్మిక సంఘాలను నిషేధించాడు, ఎదిరించినోళ్లను జైళ్లలో పెట్టాడు. వాడి ఏలుబడిలోనే దేశం బాకీ ఎన్నో రెట్లు పెరిగింది. ఆ తర్వాత అమెరికా తన దేశంలో వడ్డీలు ఒక్కసారిగా పెంచేసరికి అన్ని పేద దేశాల బాకీల మీద వడ్డీలు ఎగిరాయి. 1982లో మెక్సికో చేతులెత్తేసింది. 1984లో బొలీవియా బ్యాంకులకు వాయిదాలు కట్టడం ఆపేసింది. 1985లో తగరం ధర కుప్పకూలింది. అదే ఏడు ధరలు వేల శాతం పెరిగాయి. ఉప్పు కొనాలన్నా నోట్ల కట్టలు మోసుకుపోవాల్సిన కాలం అది. దానికి సర్కారు చేసిన వైద్యం ఏంటి? ప్రభుత్వ గనులు మూసి ఇరవై వేల మందికి పైగా కార్మికులను ఇంటికి పంపింది.

అప్పు తెచ్చినోడు సైనిక దొర. ఇచ్చినోడు బ్యాంకు దొర. వీధిన పడింది గని కూలోడు. ఇంత జరిగినా బాకీ తీరలేదు. అప్పుడు వాళ్ల కన్ను అడవి మీద పడింది.

అప్పుకూ అడవికీ ముడిపెట్టే ఈ ఆలోచనను 1984లో థామస్ లవ్‌జాయ్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త ఒక పత్రికా వ్యాసంలో ముందుకు తెచ్చాడు. ఆయన దుర్మార్గుడని మేం అనడం లేదు. అమెజాన్ అడవి మీద జీవితమంతా పనిచేసినోడు. అప్పులు తీర్చడానికే ఈ దేశాలు అడవులు నరికి ఎగుమతి చేస్తున్నాయి, ఆ బరువు కొంత దించితే అడవి మిగులుతుంది అనేది ఆయన వాదం. ఆ మాటలో నిజం లేకపోలేదు. బాకీ వాయిదా కట్టడానికి డాలర్లు కావాలి, డాలర్లు కావాలంటే కలప, మాంసం, సోయా అమ్మాలి, అవి అమ్మాలంటే అడవి పోవాలి. ఇంతవరకు మేమూ ఒప్పుకుంటాం. ఆ తర్వాత అడుగులోనే తేడా వచ్చింది.

1987 జూలైలో కన్సర్వేషన్ ఇంటర్నేషనల్ అనే అమెరికా సంస్థ ఒక దాత ఇచ్చిన లక్ష డాలర్లతో బొలీవియా బాకీ పత్రాల్లో ఆరున్నర లక్షల డాలర్ల విలువైనవి కొన్నది. రూపాయికి పదిహేను పైసలు అన్నామే, అదీ లెక్క. ఆ పత్రాలు రద్దు చేసింది. బదులుగా బొలీవియా సర్కారు బెని అనే జిల్లాలో దాదాపు 37 లక్షల ఎకరాలను కాపాడతానని రాసిచ్చింది. ఆ పనికి రెండున్నర లక్షల డాలర్ల విలువైన సొమ్ము సొంత నోట్లలో పక్కన పెడతానన్నది. ఆ సొమ్ములో ఎక్కువ భాగం అమెరికా సాయం ఖాతా నుంచే రావాలి. అది కూడా 1989 దాకా పడలేదు.

ఇక్కడ ఆగి ఒక లెక్క చూడండి. అప్పటికి బొలీవియా మొత్తం విదేశీ బాకీ 400 కోట్ల డాలర్ల పైచిలుకు. అందులో కొట్టేసింది ఆరున్నర లక్షలు. అంటే ఆరు వేల రూపాయల బాకీ ఉన్నోడికి ఒక్క రూపాయి మాఫీ చేశారు. ఆ ఒక్క రూపాయికి 37 లక్షల ఎకరాల మీద మాట తీసుకున్నారు. మన ఊళ్లో ఎంత ముదిరిన షావుకారైనా ఇంత చవగ్గా బేరం చేసి ఉండడు!

మరి ఆ 37 లక్షల ఎకరాలు ఖాళీగా ఉన్నాయా? లేవు. అక్కడ చిమానే జాతి ఉంది. మొహెన్యో, యురకారే, మొవిమా జనం ఉన్నారు. వేట, చేపలు, కొద్దిపాటి అరటి, కర్రపెండలం సాగు మీద ఆ అడవిలో బతుకుతున్నోళ్లు. ఆ బేరం పత్రం మీద వాళ్ల సంతకం లేదు. ఒప్పందం రాసేముందు వాళ్లను అడగలేదు. వాళ్ల భూమికి వాళ్ల పేరున పట్టా ఇస్తామన్న మాట అందులో లేదు. పైగా ఆ 37 లక్షల ఎకరాలంతా ‘రక్షణ’ కాదు. లోపలి ముక్క రిజర్వు. చుట్టూ ఉన్న పెద్ద భాగంలో కలప కొట్టుకోవచ్చు, కాకపోతే ‘పద్ధతి ప్రకారం’ కొట్టాలట. చిమానేల అడవిలో మహాగని చెట్లున్నాయి. అమెరికాలో, యూరపులో దొరల ఇళ్లకు తలుపులు, బల్లలు అయ్యే చెట్టు అది. కంపెనీలకు అక్కడ లీజులిచ్చారు. కంపెనీ రంపం లోపలికి పోయింది. అక్కడే పుట్టినోడికి మాత్రం ‘ఇది రక్షిత ప్రాంతం’ అనే మాట చెప్పారు.

మా సంఘంలో ఒక ముసలమ్మ ఉంది. నాయిన చేసిన అప్పుకు చిన్నతనమంతా దొరింట్ల జీతం చేసిన మనిషి. ఈ కథ చదివి వినిపిస్తే ఆమె రెండే మాటలడిగింది. ‘అప్పు ఎవలు జేసిండ్రు? అడివి ఎవలది?’ పట్నం మీటింగులో మూడు గంటల సేపు ఎవరూ అడగని ప్రశ్నలు అవి.

చిమానేలు, మొహెన్యోలు నోరు మూసుకొని కూచోలేదు. 1990 ఆగస్టు 15న త్రినిదాద్ అనే పట్నం నుంచి బయలుదేరారు. ఇది వెస్టిండీసు త్రినిదాద్ కాదు, బెని జిల్లాకు ముఖ్య పట్నం. అక్కడి నుంచి రాజధాని లా పాజ్‌కు ఆరు వందల కిలోమీటర్ల పైన. దారంతా నడకే. ముసలోళ్లు, చంటి పిల్లల తల్లులు, కడుపుతో ఉన్నోళ్లు కూడా నడిచారు. అడవి ఉక్కలో పుట్టి పెరిగినోళ్లు, చలికోట్లు లేనోళ్లు, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున మంచు కురిసే కనుమ దాటారు. మొదట కొన్ని వందల మందే. దారిలో ఇంకా జనం కలిశారు. దేశ ప్రెసిడెంటు హైమె పాజ్ జమోరా దారిలోకే ఎదురొచ్చి మాట్లాడాడు. వాళ్లు ఆగలేదు. కనుమ మీద కొండజాతులోళ్లు, ఐమారాలు, కెచువాలు, ఎదురొచ్చి కలుసుకున్నారు. కొండోళ్లూ అడవోళ్లూ అంతకుముందు ఒకరినొకరు పెద్దగా ఎరిగినోళ్లు కాదు. అక్కడ ఒకటయ్యారు. 34 రోజుల నడక తర్వాత సెప్టెంబరు 17న లా పాజ్‌లో అడుగుపెట్టారు.

ఆ నడకకు వాళ్లు పెట్టుకున్న పేరు చూడండి. భూమి కోసం, గౌరవం కోసం నడక. చెట్టు కోసం అనలేదు, డాలరు కోసం అనలేదు. ఆత్మగౌరవం అనే మాట మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ దోసిలి పట్టి తాగింది నీళ్ల రుచి కోసమా? మనుషులుగా లెక్కలోకి రావాలని. లా పాజ్‌కు నడిచినోళ్లు కూడా అదే అడిగారు. మా అడవి గురించి మాట్లాడేటప్పుడు మమ్మల్ని మనుషుల లెక్కలో వేయండి అని.

1990 సెప్టెంబరు 24న సర్కారు దిగొచ్చి డిక్రీలు ఇచ్చింది. చిమానేల అడవిలో కొంత భాగంతో సహా కొన్ని ప్రాంతాలు ఆదివాసుల భూభాగాలని ఒప్పుకుంది. 1991లో ఆదివాసుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒప్పందాన్ని బొలీవియా ఆమోదించింది. వాళ్లను సంప్రదించకుండా వాళ్ల భూమి మీద నిర్ణయాలు చేయకూడదని అందులో ఉంది. మన దేశం? 1958లో పాత 107వ ఒప్పందానికి ఊ అన్నది. 169కి నేటికీ ఊ అనలేదు. పక్కవాడి అడవి గురించి మన చేత సంతకాలు అడిగే మిత్రులు ఈ సంతకం కూడా ఢిల్లీ చేత పెట్టిస్తే బాగుండు.

గుర్తుపెట్టుకోండి: బాకీ పత్రం కొన్నోళ్లు మూడేళ్లలో చేయలేనిదాన్ని కాళ్లీడ్చుకుంటూ నడిచినోళ్లు 34 రోజుల్లో చేశారు.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. ఇది చాలామందికి తెలియని లెక్క. 1988లో బొలీవియా తన బ్యాంకు బాకీ పత్రాలను తానే తిరిగి కొనుక్కుంది. డబ్బు వేరే దేశాలు దానంగా ఇచ్చాయి. బ్యాంకులకు బొలీవియా బాకీ 67 కోట్ల డాలర్లు. కొనుగోలు మాట బయటికి రాకముందు బజార్లో ఆ పత్రాల ధర డాలరుకు 6 సెంట్లు. అంటే మొత్తం బాకీ పత్రాల అసలు విలువ 4 కోట్ల 2 లక్షల డాలర్లు. కొంటున్నారని తెలిసేసరికి ధర 11 సెంట్లకు ఎక్కింది. 3 కోట్ల 40 లక్షలు పోసి దాదాపు 31 కోట్ల విలువైన పత్రాలు కొన్నారు. ఇంకా 36 కోట్లు మిగిలాయి. 11 సెంట్ల లెక్కన వాటి విలువెంత? 3 కోట్ల 98 లక్షలు! కొనకముందు బ్యాంకుల చేతిలో ఉన్న సరుకు విలువ ఎంతో కొన్నాక కూడా ఇంచుమించు అంతే. మధ్యలో దానం సొమ్ము 3 కోట్ల 40 లక్షలు బ్యాంకుల జేబులో పడింది. ఇది మా అక్కసు లెక్క కాదు. జెరెమీ బ్యూలో, కెన్నెత్ రోగాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్తలే వేసి చూపిన లెక్క. వాళ్లు ఎర్రజెండా వాళ్లూ కాదు, నీలిజెండా వాళ్లూ కాదు.

అందుకే అంటున్నాం, చచ్చిన బాకీకి ధర కట్టడమంటే షావుకారుకు ప్రాణం పోయడం. ఊళ్లో ఎవడూ కొనని నోటును ఒక ధర్మాత్ముడు కొంటున్నాడంటే మిగిలిన నోట్ల ధర కూడా పెరుగుతుంది. ఆ ధర్మం అడవికి చేరేలోపు షావుకారు గల్లాపెట్టె దగ్గర సగం ఆగిపోతుంది.

దీనికి మిత్రులు మూడు జవాబులు చెప్తారు. ఒకటి, అడవిని విదేశీయులకు అమ్మేశారనేది అబద్ధం అంటారు. నిజమే, బొలీవియాలో భూమి ఎవరికీ రాసివ్వలేదు, అప్పట్లో అలా పుకారు లేచింది. మేం ఆ పుకారు మోయడం లేదు. భూమి చేతులు మారలేదు, కానీ భూమి మీద మాట చెల్లే అధికారం చేతులు మారింది. వెలివాడలో పుట్టినోళ్లకు ఈ రెండింటికీ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊరి చెరువు రికార్డులో సర్కారుదే. తూము ఎవరి చేతిలో ఉంది?

రెండు, ఇదంతా పాత కథ, ఇప్పుడు ఆదివాసులను అడుగుతున్నారు అంటారు. కొంత నిజం. కానీ ఎవరు అడిగిస్తే అడుగుతున్నారు? 1989లోనే అమెజాన్ తొమ్మిది... కాదు, అప్పటికి ఐదు దేశాల ఆదివాసీ సంఘాల సమాఖ్య కోయికా పర్యావరణ సంస్థలకు తెగేసి చెప్పింది. మా ఊసు లేకుండా మా ఇంటి మీద బేరాలు ఆడకండి, అప్పుకు బదులు ఏదైనా జరగాలంటే ఆ అడవి మా ఏలుబడిలో ఉండాలని. నడిచి, కొట్లాడి తెచ్చుకున్న మర్యాదను ఇప్పుడు దాతల ఖాతాలో రాసుకుంటున్నారు.

మూడోది గట్టి ప్రశ్న. ‘ఆదివాసుల చేతిలో ఉంటే అడవి మిగులుతుందా? వాళ్లలో కూడా కలప కంపెనీతో కుమ్మక్కయ్యేవాళ్లు లేరా?’ ఉన్నారు. మనలో సర్పంచు పదవి రాగానే దొర గడపలో కూచునేవాళ్లు లేరా? బొలీవియాలోనే చూడండి. 2006లో ఐమారా బిడ్డ ఎవో మొరాలెస్ ప్రెసిడెంటు అయ్యాడు. ప్రపంచమంతా సంబరపడింది, మేమూ సంబరపడ్డాం. 2011లో అదే సర్కారు 1990 నడకతో గెలుచుకున్న ఇసిబోరో సెక్యూరే అనే భూభాగం నడిమధ్య నుంచి రోడ్డు వేయబోయింది. ఆదివాసులు మళ్లీ నడిచారు. సెప్టెంబరు 25న పోలీసులు వాళ్ల మీద పడి కొట్టి, మూతులకు టేపులేసి ఈడ్చుకుపోయారు. దేశం మండిపోతే రోడ్డు ఆపుతూ చట్టం చేశారు. 2017లో ఆ చట్టాన్ని కూడా తీసేశారు. మనోడు గద్దె మీదున్నంత మాత్రాన మన గుట్ట భద్రం కాదు. ఈ సంగతి రిజర్వుడు సీట్ల ఎమ్మెల్యేలను చూస్తున్న మనకు కొత్త కాదు. కానీ దానికి మందు ఆ మనుషుల హక్కు తీసేసి దాతకూ బ్యాంకుకూ ఇవ్వడమా?

ఆ తొలి బేరం లక్ష డాలర్లది. ఇప్పటి బేరాలు వందల కోట్లవి. బెలీజ్ 2021లో, గాబన్ 2023లో సముద్రం పేరు మీద చేసుకున్నాయి. 2023లోనే ఈక్వడార్ గాలపగోస్ దీవుల సముద్రం పేరు చెప్పి దాదాపు 160 కోట్ల డాలర్ల పాత బాండ్లను చాలా తక్కువ ధరకు తిరిగి కొంది. కొనడానికి మళ్లీ 65 కోట్ల పైచిలుకు కొత్త బాండు! 2024 డిసెంబరులో అమెజాన్ అడవి పేరు మీద ఇంకో పెద్ద బేరం. మధ్యలో పెద్ద బ్యాంకులు, బీమాలు, లాయర్లు, దళారుల ఫీజులు. ధర్మాత్ముడి చోట్లో ఇప్పుడు కమీషన్ ఏజెంటు వచ్చి కూచున్నాడు.

అదే ఈక్వడార్‌లో ఇంకో కథ ఉంది, దాన్ని మాత్రం మీటింగుల్లో చెప్పరు. యసుని అనే అడవి కింద చమురుంది. 2007లో ఆ దేశం ప్రపంచాన్ని అడిగింది: చమురు తీయకుండా అడవిని వదిలేస్తాం, మాకు వచ్చే నష్టంలో సగం, 360 కోట్ల డాలర్లు, మీరివ్వండి అని. 2013 దాకా ఎదురు చూస్తే చేతికొచ్చింది కోటీ ముప్పై లక్షల డాలర్లు. అడవి మీద అంత ప్రేమ ఒలకబోసే దేశాల అసలు రంగు అది! సర్కారు చేతులెత్తేసి బావులు తవ్వింది. యువకులు, ఆదివాసులు పదేళ్లు కొట్లాడి 2023 ఆగస్టులో దేశమంతా ఓటు పెట్టించారు. దాదాపు 59 శాతం జనం చమురు భూమిలోనే ఉండాలన్నారు. బాకీ పత్రం లేదు, బదులు లేదు. జనాన్ని అడిగారు, జనం చెప్పారు.

ఇదంతా ఏడు సముద్రాల అవతలి గొడవ, మనకెందుకు అంటారా? మన దగ్గర ఇదే బండిని వెనక నుంచి తోలారు. అక్కడ అప్పు కొట్టేస్తామని అడవి మీద పడితే, ఇక్కడ అడవి పెంచుతామని అప్పు తెచ్చారు. 1994లో ఆంధ్రప్రదేశ్ సర్కారు ప్రపంచ బ్యాంకు అప్పుతో ఫారెస్టు ప్రాజెక్టు పెట్టింది. 2002లో మళ్లీ 10 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు. ఊరూరా వన సంరక్షణ సమితులన్నారు, అడవి మీద అధికారం ఊరికే అన్నారు. జరిగిందేంది? పలుచోట్ల ఆదివాసులు తరాలుగా పోడు కొట్టుకున్న చెలకల్లో గుంతలు తీసి మొక్కలు నాటారు. సమితి పేరు ఊరిది, ఖాతా మీద సంతకం ఫారెస్టోళ్లది. మొక్కకు నీళ్లు పోసిన కూలి అయిపోయాక భూమీ లేదు, కూలీ లేదు. అప్పు మాత్రం ఉంది. అది అగ్గిపెట్టె మీద మనం కట్టే పన్నులోంచే తీరాలి.

2006లో అడవి హక్కుల చట్టం వచ్చింది. ఎన్నో పోరాటాల ఫలం, కాదనం. కానీ అందులో ఆదివాసులు కాని ‘ఇతర సంప్రదాయ అడవి వాసుల’కు ఒక మెలిక పెట్టారు. మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు రుజువు తేవాలట. అడవి అంచున బతికే మాల, మాదిగ వాడలోళ్లు 1930 నాటి కాగితం ఎక్కడ్నుంచి తేవాలి? ఆనాడు మన తాతల పేర్లు రాసింది ఎవరు? రాస్తే దొర వెట్టి లెక్కల్లోనే రాసుంటారు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు కొట్టేసినోళ్లను అడవి నుంచి పంపేయమన్నది. ఆ కేసు వేసింది వన్యప్రాణుల రక్షణ సంఘాలే. దేశమంతా గోల లేచాక 28న ఆ ఉత్తర్వును కోర్టే ఆపింది. చెట్టును కాపాడేవాడికీ మనిషిని వెళ్లగొట్టేవాడికీ మధ్య గీత ఎంత సన్ననిదో ఆ పదిహేను రోజుల్లో చూశాం.

ఇక బాకీ మాట. మనకంటే బాకీ గురించి ఎక్కువ తెలిసినోళ్లు ఎవరున్నారు? నాలుగు మానికల జొన్నలకు తాత పెట్టిన వేలిముద్ర మీద మనవడు జీతం చేసిన కులాలు మనవి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినప్పుడు అందులో ఏం రాశారు? వెట్టికి కట్టేసిన అప్పు ఇక చెల్లదు, కట్టే బాధ్యత లేదు, దానికోసం లాక్కున్న ఆస్తి తిరిగివ్వాలి అని రాశారు. ‘నీ అప్పు మాఫీ చేస్తాం, బదులుగా నీ గుడిసె జాగా దొరకు రాసివ్వు’ అని రాయలేదు. అమలు ఎంత అధ్వానంగా ఉన్నా ఆ చట్టంలో ఒక న్యాయం ఉంది: అన్యాయంగా పుట్టిన అప్పుకు చెల్లు తప్ప బదులు లేదు. బాన్సెర్ లాంటి సైనిక దొరలకు తెలిసి తెలిసి ఇచ్చిన అప్పుకు ఆ న్యాయం ఎందుకు వర్తించదు?

అడవిని కాపాడొద్దని మేం అనడం లేదు. అప్పు తగ్గించొద్దనీ అనడం లేదు. అప్పు అన్యాయమైతే దాన్ని రద్దు చేయండి, అంతే. అడవి మీద అక్కడ బతికే జనానికి పట్టా ఇవ్వండి, అదీ అంతే. ఈ రెండింటినీ ఒక త్రాసులో పెట్టి తూచేవాడు ఎప్పుడూ షావుకారే అవుతాడు.

కిందటి ఆదివారం సంఘం కూచుంది. రాత్రి పదకొండు దాకా మాటలు సాగాయి. ముందు పెన్ను తీసిన ఇద్దరిలో ఒకరు ఇప్పటికీ పెడితే తప్పులేదనే అంటున్నారు, పెద్ద దేశాల మెడ వంచడానికి ఏదో ఒక దారి కావాలి కదా అని. ఆ మాటనూ మినిట్సులో రాసుకున్నాం. చివరికి ఆ కాగితం మీద ‘బదులుగా’ అన్న మాట ఎర్ర పెన్నుతో కొట్టేశాం. ‘ఆ దేశాలు’ అన్నచోట ‘ఆ అడవుల్లో బతికే జనం, తమ పేరున పట్టా పొంది’ అని రాశాం. కింద సంతకాలు పెట్టాం. ముసలమ్మ వేలిముద్ర వేసింది. సోమవారం పొద్దున రిజిస్టరు పోస్టులో పంపాం. ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి జవాబు రాలేదు.